మధ్యాహ్నం ఎండలో నింజా 650 ఎందుకు మొద్దుబారుతుంది? మిర్యాలగూడ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. 2021 మోడల్ కవాసాకీ నింజా 650 బైకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. 19,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున హైదరాబాద్ పోయేటప్పుడు మంచిగా లాగుతుంది. మధ్యాహ్నం వాపస్ వచ్చేటప్పుడు నార్కట్‌పల్లి దగ్గర మన అద్దంకి రోడ్డు ఎక్కినప్పటి నుంచి మొద్దుగా ఉంటుంది, ఫ్యాన్ ఆగదు, మోకాళ్ళు కాలుతున్నాయి. ఎగ్జాస్ట్ (సైలెన్సర్ గొట్టం) మార్చి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే, అంటే దానిలోని పెట్రోలు లెక్కలు తిరగరాయిస్తే, సెట్ అయితదని ఒకరు, అమ్మేసి నాలుగు సిలిండర్ల 600 తీసుకొమ్మని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్మీ, ఎగ్జాస్ట్ కోసం పక్కన పెట్టిన డబ్బులు అట్లాగే ఉంచు. ఇంజన్ బలం తగ్గిందని చెప్పడానికి నీ ప్రశ్నలో పెద్దగా ఆధారం లేదు. ఇంజన్ వేడి బయటికి పోవడం లేదని చెప్పడానికి మాత్రం రెండు ఆధారాలున్నాయి. పొద్దున బాగుండి మధ్యాహ్నం పాడయ్యే బండికి ముందు చూడాల్సినవి నీళ్ళు, గాలి, చక్రాలు. సైలెన్సర్ ఆ వరుసలో చాలా వెనక ఉంటుంది.

ముందు ఇంజన్ సంగతి. 649 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, బోర్ (సిలిండర్ వెడల్పు) 83 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 60, కంప్రెషన్ 10.8. కంపెనీ లెక్క ప్రకారం 8,000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 68 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత), 6,700 దగ్గర 64 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 7,023తో భాగిస్తే పీఎస్ వస్తుంది. ఆ లెక్కన 6,700 దగ్గరే 61 పీఎస్ చేతికి వచ్చేసింది. మిగిలిన ఏడు కోసం ఇంకో 1,300 తిప్పాలి. అంటే ఇది నడిమి ఆర్పీఎంలో లాగేటట్టు కట్టిన ఇంజన్. నీకు కొనమంటున్న నాలుగు సిలిండర్ల 600ల్లో కవాసాకీదే జెడ్ఎక్స్-6ఆర్ చూడు. 636 సీసీ, టార్క్ 69 న్యూటన్ మీటర్లే, కానీ అది దొరికేది 11,000 దగ్గర. పూర్తి పవర్ కావాలంటే 13,000 తిప్పాలి. అక్కడ దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 19.5 మీటర్లు. నీ బండి 8,000 దగ్గర 16 మీటర్లు. ఎక్కువ తిరిగే ఇంజన్ ఎక్కువ వేడి పుట్టిస్తుంది. నీ ఇబ్బందే వేడి అయినప్పుడు దానికంటే వేడి బండి కొనడంలో అర్థం లేదు.

గేర్ల లెక్క కూడా చెప్తా, ఎందుకంటే మొద్దుగా ఉందనే మాటకు సగం కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఈ బండి ప్రైమరీ రిడక్షన్ (ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కి వేగం తగ్గే నిష్పత్తి) 2.095, ఆరో గేరు 0.852, ముందు స్ప్రాకెట్ 15 పళ్ళు, వెనక 46. వెనక టైరు 160/60-17. వీటన్నిటినీ కలిపితే ఆరో గేరులో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ సుమారు 4,700 తిరుగుతుంది. లారీని దాటాలని అక్కడే యాక్సిలరేటర్ తిప్పితే బండి నిదానంగానే లేస్తుంది. అది జబ్బు కాదు. నాలుగో గేరుకి దింపితే అదే వేగంలో 6,100కి వస్తావు, టార్క్ శిఖరం పక్కనే. పొద్దున ఖాళీ రోడ్డు మీద ఈ తేడా తెలియదు. మధ్యాహ్నం వడ్ల లారీల వెనక తెలుస్తుంది. రెండు పూటలా ఒకే గేరులో, ఒకే వేగంలో పోల్చి చూడు. అట్లా చూసినా తేడా ఉంటేనే కింద చెప్పేవి మొదలుపెట్టు.

ఎండ ఎంత తింటుందో అంచనా వేద్దాం. 25 డిగ్రీల గాలికంటే 45 డిగ్రీల గాలి ఆరు శాతం పలచన. సిలిండర్‌లోకి పోయే ఆక్సిజన్ అంత తగ్గుతుంది, ఈసీయూ గాలి వేడిని చూసి పెట్రోలు కూడా తగ్గిస్తుంది. 68 పీఎస్ ఇంజన్ 64 దగ్గర నిలబడుతుంది. ఇది ఏ బండికైనా తప్పదు. కానీ నిటారుగా కూర్చుని 100లో పోవడానికి ఈ బండికి కావాల్సింది పది, పన్నెండు పీఎస్ మాత్రమే. కాబట్టి మామూలు వేగంలో కూడా బండి బరువుగా అనిపిస్తుంటే ఆ నాలుగు పీఎస్ మీద తప్పు వేయకూడదు. ఇంకేదో పట్టి లాగుతోంది, లేదా ఇంకేదో మూసుకుపోయింది.

ఇక ఫ్యాన్. రేడియేటర్ (ముందు చక్రం వెనకున్న జాలీ) వేడిని వదలగలిగేది కూలంట్‌కీ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) బయటి గాలికీ మధ్య ఉన్న వేడి తేడా మీద ఆధారపడుతుంది. కూలంట్ 95 డిగ్రీలనుకో. పొద్దున గాలి 28 ఉంటే తేడా 67. మధ్యాహ్నం 45 ఉంటే తేడా 50. అదే రేడియేటర్, అదే వేగం, కానీ వదిలే వేడి పావు వంతు తగ్గిపోయింది. తారు రోడ్డుకు అడుగున్నర ఎత్తులో, లారీ వెనక, గాలి 45 కంటే ఇంకా ఎక్కువే ఉంటుంది. కొత్త బండికి ఈ పావు వంతు తట్టుకునే వెసులుబాటు కంపెనీ పెట్టే ఇస్తుంది. రేడియేటర్ రెక్కల్లో ఊక ఇరుక్కుని, లోపల ట్యూబుల్లో సున్నం పేరుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. అందుకే పొద్దున ఏమీ తెలియదు, మధ్యాహ్నం బయటపడుతుంది.

ఒక పరీక్ష చెయ్యి, ఖర్చు లేదు. మధ్యాహ్నం పూట ఖాళీ రోడ్డు మీద 80లో పది, పదిహేను కిలోమీటర్లు ఆగకుండా పోయి, పక్కకు తీసి ఆపు. ఇంజన్ ఆఫ్ చేయొద్దు. ఆపిన క్షణానికే ఫ్యాన్ తిరుగుతూ ఉందా, లేక ఆపిన నిమిషానికి మొదలైందా అన్నది చెవి పెట్టి విను. 50 దాటిన వేగంలో ఎదురు గాలి ముందు ఫ్యాన్ చేసేదేమీ ఉండదు, కాబట్టి అది తిరగాల్సిన అవసరం రాకూడదు. ఆపాక మొదలైతే కూలింగ్ బాగున్నట్టే, నీకున్నది ట్రాఫిక్ వేడి మాత్రమే. ఆపేటప్పటికే తిరుగుతుంటే రేడియేటర్, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలంట్ దారి తెరిచే వాల్వు), టెంపరేచర్ సెన్సర్ ఈ మూడిట్లో ఏదో ఒకటి తప్పు. పరీక్ష మధ్యలో టెంపరేచర్ హెచ్చరిక దీపం వెలిగితే మాత్రం వెంటనే నీడకు ఆపి ఇంజన్ ఆఫ్ చెయ్యి. చన్నీళ్ళు పోయొద్దు, మూత ముట్టొద్దు.

రేడియేటర్ బయటి భాగం ముందు చూడు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దుమ్ము, ఊక, యాసంగి కోతలప్పుడు రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పొట్టు, వానకాలం పురుగులు, ఇవన్నీ వచ్చి ఆగేది అక్కడే. ముందు చక్రం పక్కకు తిప్పి, టార్చ్‌ని రేడియేటర్ వెనక పెట్టి ముందు నుంచి చూడు. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు అంతటా సమానంగా రావాలి. కింది మూడో వంతు నల్లగా ఉంటే అక్కడ మట్టి మూసుకుపోయింది. ముందు చక్రం విసిరే మట్టంతా ఆ భాగానికే తగులుతుంది. కడిగేటప్పుడు తోట పైపుతో, సన్నని ధారతో, ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ షాపులో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టించొద్దు. ఆ రెక్కలు కాగితమంత పలచన, ఒక్క దెబ్బకు పడుకుంటాయి, పడుకున్న చోట గాలి పోదు. వంగినవాటిని ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా నిలబెట్టొచ్చు. పాత ఓనరు రేడియేటర్‌కి సన్నని జాలీ గార్డు వేయించి ఉంటే తీసేయ్. రాయి తగలకుండా గార్డు కావాలనుకుంటే పెద్ద కన్నాలున్నది వెయ్యి.

లోపలి భాగం ఇంకా ముఖ్యం. సెకండ్ హ్యాండ్ బండిలో ఎవరు ఏ నీళ్ళు పోశారో నీకు తెలియదు. నల్గొండ జిల్లా బోరు నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, కానీ రేడియేటర్‌కి అసలు శత్రువులు ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. ఇంట్లో వాటర్ హీటర్ రాడ్డు మీద తెల్లగా పెచ్చు కట్టేది ఇవే. రేడియేటర్ ట్యూబులు సన్నని చీలికల్లాంటివి. వాటి గోడ మీద అదే పొర కడితే కూలంట్ వేడి అల్యూమినియానికి చేరదు. నీళ్ళలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి కూడా. ఎక్కడో దారిలో కూలంట్ తగ్గిందని ఒక్కసారి సీసాడు బోరు నీళ్ళు పోసినా, పాతబడ్డ కూలంట్‌లో రక్షణ రసాయనాలు అప్పటికే అయిపోయి ఉంటాయి కాబట్టి నష్టం మొదలవుతుంది. ఆర్ఓ నీళ్ళు బోరు నీళ్ళకంటే మేలే, కానీ వాటిలోనూ ఎంతోకొంత లవణం మిగిలే ఉంటుంది. వాడాల్సింది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపులో దొరుకుతుంది. డబ్బా మీద చదివి తీసుకో, ఎందుకంటే బ్యాటరీ యాసిడ్ కూడా అట్లాంటి డబ్బాలోనే అమ్ముతారు.

మీ బండికి కూలంట్ గడువు మూడేళ్ళు లేదా 36,000 కిలోమీటర్లు. కిలోమీటర్లు కాకపోయినా 2021 బండికి సంవత్సరాలు దాటిపోయాయి, కాబట్టి ఈ పని ఎట్లాగూ చేయాల్సిందే. బండి రాత్రంతా చల్లారాక పొద్దునే మొదలుపెట్టు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే కూలంట్ మొఖం మీదికి చిమ్ముతుంది. మూత తీసి, వాటర్ పంపు దగ్గరున్న డ్రెయిన్ బోల్టు విప్పి తెల్లటి గిన్నెలోకి పట్టు. రంగు స్పష్టంగా, అడుగున ఏమీ లేకుండా వస్తే మంచిది. ఇటుక రంగులో వస్తే తుప్పు, తెల్లటి రవ్వలు దిగితే సున్నం, పాల మీగడలా ఉంటే అందులో ఆయిల్ కలుస్తోంది. చివరిది కనిపిస్తే అక్కడే ఆపు, ముందు వాటర్ పంపు సీలు, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీలు) చూపించాలి. మిగతా రెండింటికీ డిస్టిల్డ్ వాటర్ నింపి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, పూర్తిగా చల్లారాక వంచు. నీళ్ళు తేటగా వచ్చేదాకా అట్లా రెండు, మూడు సార్లు. రిజర్వ్ ట్యాంకు విప్పి అది కూడా కడగాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు, అందులోని బురద మొదటి వారంలోనే మళ్ళీ రేడియేటర్‌లోకి వస్తుంది.

నింపేటప్పుడు అల్యూమినియం ఇంజన్లకు పనికొచ్చే, సిలికేట్ లేని, ముందే కలిపిన కూలంట్ వాడు. రెండు లీటర్లు కొంటే సరిపోయి మిగులుతుంది. నీలం, ఎరుపు, ఆకుపచ్చ అని రంగు చూసి కలపొద్దు, రంగుకూ రసాయనానికీ సంబంధం లేదు. డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తది వెయ్యి. సన్నగా, నిదానంగా పోస్తూ పైపులను చేత్తో నొక్కి వదులుతుంటే బుడగలు పైకి వస్తాయి. మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేసి కొద్ది నిమిషాలు నడిపి, మట్టం దిగినంత మళ్ళీ నింపి, మరగకముందే మూత బిగించు. రిజర్వ్ ట్యాంకులో మట్టం ఎల్ (తక్కువ), ఎఫ్ (నిండు) గీతల మధ్య ఉండాలి. మర్నాడు చల్లటి ఇంజన్ మీద మళ్ళీ చూడు. లోపల చిక్కిన గాలి బయటికి వచ్చి మట్టం కొంచెం తగ్గి ఉంటుంది.

ఆ మూత గురించి రెండు మాటలు. అది డబ్బా మూత లాంటిది కాదు, సుమారు 1.1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వు. సగం నీళ్ళు సగం గ్లైకాల్ (కూలంట్‌లోని అసలు రసాయనం) ఉన్న కూలంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ఒత్తిడిలో 125 దాటినా మరగదు. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి పట్టకపోతే కూలంట్ ముందే మరిగి, ఆవిరి బుడగలు సిలిండర్ హెడ్ చుట్టూ చేరతాయి. ఆవిరి వేడిని మోయలేదు. రబ్బరు మీద గీత పడినా, స్ప్రింగు వదులైనా కొత్తది వెయ్యి. పాత మూత మీద సెంటిమెంటు వద్దు.

ఇప్పుడు గాలి. ఎయిర్ ఫిల్టరుకు మాన్యువల్‌లో ఎంత గడువు రాసి ఉన్నా, మిల్లుల మధ్య తిరిగే బండికి సగానికే మార్చాలి. ఊక కాల్చిన బూడిద మెత్తగా ఉండి కాగితం మడతల లోతుల్లోకి పోతుంది. నూనె తడి ఉండే కాగితం ఫిల్టరుకు కంప్రెసర్ గాలి కొట్టించొద్దు, కడగొద్దు, మార్చడమే. తీసినప్పుడు ఫిల్టరు తర్వాతి వైపు, అంటే ఇంజన్ వైపు గోడను తెల్లటి గుడ్డతో తుడువు. గుడ్డకు గరుకు అంటితే ఫిల్టరు అంచు సరిగ్గా కూర్చోలేదు, దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతోంది. ఎక్కువ గాలి వస్తుందని కడిగి వాడే నూనె ఫిల్టర్లు అమ్ముతారు. వాటికి నూనె సరిగ్గా పట్టకపోతే మన మెత్తటి దుమ్ము లోపలికి పోతుంది. ట్రాక్ మీద తిరిగే బండికి సరేగానీ అద్దంకి రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ కాగితం ఫిల్టరే పెట్టమంటాను.

ఎగ్జాస్ట్, రీమ్యాప్ సంగతికి వస్తే, పూర్తి సిస్టం మార్చి మ్యాప్ సరిగ్గా రాయించినా ఈ ఇంజన్‌లో పై చివర నాలుగైదు పీఎస్ మించి ఆశ పెట్టుకోవద్దు. మ్యాప్ లేకుండా ఎగ్జాస్ట్ మాత్రం మారిస్తే గాలి-పెట్రోలు మిశ్రమం పలచనై నడిమి టార్క్ పడిపోతుంది, ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. నీ ఇబ్బందిని డబ్బులు పెట్టి పెంచుకున్నట్టు అవుతుంది. ఇంకో చిక్కు పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20లో ఇరవై శాతం ఇథనాల్. లీటరులో శక్తి మామూలు పెట్రోలు కంటే ఆరేడు శాతం తక్కువ, అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. నిలకడ వేగంలో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం లోపల రాసి ఉన్న పట్టికనే నమ్ముతుంది. ఆ సెన్సర్‌ని ఆపేసే చవక రీమ్యాప్ జోలికి పోకు. బండిని నెలల తరబడి నిలబెడితే ఇథనాల్ తేమ పీల్చి నీళ్ళు అడుగుకు దిగుతాయి, కాబట్టి సగం ట్యాంకుతో వదిలేయొద్దు, నింపి పెట్టు.

పట్టి లాగే వాటి సంగతి. సెంటర్ స్టాండ్ లేదు కాబట్టి ప్యాడాక్ స్టాండు (చక్రం లేపి పట్టే విడి స్టాండు) మీద వెనక చక్రం లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పు. రెండు, మూడు చుట్లు హాయిగా తిరగాలి. వెంటనే ఆగితే బ్రేక్ ప్యాడ్ పట్టుకుంటోంది లేదా చైన్ బిగుతుగా ఉంది. బాగా నడిపి వచ్చిన వెంటనే కూడా ఇదే పరీక్ష మళ్ళీ చెయ్యి. వెనక కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను పట్టే భాగం) పిన్నులకు గ్రీజు ఎండిపోతే చల్లగా ఉన్నప్పుడు వదులుతుంది, వేడెక్కాక పట్టుకుంటుంది. మధ్యాహ్నం మొద్దుతనానికి ఇది చాలా మామూలు కారణం, అయినా చివరికి చూస్తారు. ముందు చక్రానికి కూడా ఇంతే.

చైన్ వదులు ఎంత ఉండాలో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టే చెయ్యి) మీద స్టిక్కర్ చెప్తుంది. చైన్ అంతటా ఒకేలా సాగదు, కాబట్టి చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట కొలవాలి. ఇది 520 చైన్, లింకు 15.875 మిల్లీమీటర్లు. ఇరవై లింకులు కొత్తలో 317.5 ఉంటాయి. లాగి పట్టి కొలిస్తే 320 దాటిందంటే కొత్త సెట్టుకు డబ్బులు చూసుకో, స్ప్రాకెట్లు రెండూ చైన్‌తోపాటే మార్చాలి. కడగడానికి గ్యాస్‌నూనె చాలు, మెత్తటి బ్రష్షుతో. పెట్రోలు పోస్తే లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి. లూబ్ ప్రయాణం అయ్యాక, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు లోపలి వైపు నుంచి కొట్టు. లాగుడు పెంచుకోవాలని ముందు స్ప్రాకెట్ 14కి దించేవాళ్ళున్నారు. ఏడు శాతం లాగుడు పెరుగుతుంది, 100లో ఆర్పీఎం 5,000 అవుతుంది. ఈ ఇంజన్ క్రాంక్ 180 డిగ్రీలది, ఒక పిస్టన్ పైకి పోతే ఇంకొకటి కిందికి. వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు ఉన్నా 5,000 దాటాక హ్యాండిల్లో, ఫుట్‌రెస్టులో వణుకు మొదలవుతుంది. హైవే మీద రోజంతా అందులోనే ఉండాల్సి వస్తుంది. 15 పళ్ళదే ఉంచు.

టైర్ల గాలి విషయంలో మన దగ్గర పాతుకుపోయిన ఒక తప్పు నమ్మకం ఉంది: ఎండకాలం టైరు పేలుతుంది, గాలి తక్కువ పెట్టించాలని. దీన్ని గట్టిగా కాదనాలి. ఈ బండికి చల్లటి టైర్లో ముందు 33, వెనక 36 పీఎస్ఐ. పొద్దున 28 డిగ్రీల దగ్గర ముందు 33 పెడితే, టైరు నడిచి 65 డిగ్రీలకు చేరినప్పుడు అది దానంతట అదే 38, 39 అవుతుంది. ఈ పెరుగుదల లెక్క వేసుకునే కంపెనీ 33 అని రాసింది. ఆ వేడి మీద పంక్చర్ షాపులో ఆపి 33కి దించితే మర్నాడు పొద్దున టైర్లో 28 కూడా ఉండదు. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, ఆ వంగుడే వేడి పుట్టిస్తుంది. వేడికి టైరు విప్పుకుపోవడానికి తక్కువ గాలే ఎక్కువసార్లు కారణం. హ్యాండిల్ బరువెక్కడం, మలుపులో ముందు చక్రం నిదానంగా పడటం కూడా దీని వల్లే. సొంత గేజ్ ఒకటి కొనుక్కుని పొద్దున బండి తీయకముందే చూసుకో. నైట్రోజన్‌కి డబ్బులు పెట్టకపోయినా పర్వాలేదు. టైరు పక్కన నాలుగంకెలు చదువు. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైనది. నీ బండికి వచ్చిన టైర్లే ఇంకా ఉంటే గీతలు మిగిలి ఉన్నా రబ్బరు ఎండకు గట్టిపడి ఉంటుంది. గోరుతో నొక్కి కొత్త టైరుతో పోల్చు, తేడా వేలికే తెలుస్తుంది. 2021 బండికి ఏబీఎస్ (బ్రేకులో చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉంది, ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా చూసేది) లేదు, అది 2023 మోడల్ నుంచి వచ్చింది. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద గట్టిపడ్డ వెనక టైరుతో యాక్సిలరేటర్ తిప్పితే ఆపేవాళ్ళెవరూ లేరు. గింజలు గోళీల్లా దొర్లుతాయి. బండి నిటారుగా, క్లచ్ ముట్టకుండా, ఒకే థ్రాటిల్ మీద దాటించు.

సస్పెన్షన్ ఎవరూ చూడరు, కానీ దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కితే బండి గుణమంతా అక్కడే బయటపడుతుంది. ముందు 41 మిల్లీమీటర్ల ఫోర్కుకు తిప్పే నాబ్‌లేవీ లేవు. వెనక మాత్రం ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలో సర్దేది) ఉంది, సీ ఆకారపు స్పానర్‌తో తిప్పాలి. కొలత ఇట్లా: చక్రం పూర్తిగా గాలిలో వేలాడేటట్టు బండి లేపి, ఇరుసు నుంచి సరిగ్గా పైనున్న టెయిల్ ప్యానెల్ మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలువు. తర్వాత కింద దించి, హెల్మెట్, జాకెట్‌తో సహా ఎక్కి కూర్చో, ఇంకొకరితో కొలిపించు. రెండింటి తేడా 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. వెనక చక్రం ప్రయాణం మొత్తం 130, అందులో పావు కంటే కొంచెం ఎక్కువ అన్నమాట. 50 దాటితే వెనక కుంగి ముందు తేలికైపోతుంది, మన్ననూరు దాటాక వచ్చే మలుపుల్లో బండి బయటి అంచుకు జారుకుంటూ పోతుంది, రాత్రి హెడ్‌లైటు చెట్ల కొమ్మల్ని చూపిస్తుంది. వెనక ఇంకొకరు కూర్చుంటే ప్రీలోడ్ పెంచు, దింపాక మళ్ళీ తగ్గించు. ఫోర్కు ఆయిల్ 20,000 దగ్గర మార్పించు, పాతబడితే స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ముందు భాగం రెండోసారి ఊగుతుంది. బ్రేక్ ఆయిల్ డాట్ 4, రెండేళ్ళకోసారి. కొత్తలో 230 డిగ్రీల దాకా తట్టుకునేది, తేమ పీలిస్తే 155 దగ్గరే మరగొచ్చు, లివర్ మెత్తబడుతుంది. ఘాట్ దిగేటప్పుడు మూడో గేరులో ఇంజన్‌తోనే ఆపుతూ రా.

ఇంజన్ ఆయిల్ 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ2 (బైకు ఆయిల్ ప్రమాణం) గుర్తున్నది. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే దీన్నే ముందు అనుమానించు. మట్టం ఇంజన్ పక్కనున్న గాజులో, బండి నిటారుగా పట్టి చూడాలి. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వు పైన ఉండాల్సిన సందు) చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.15 నుంచి 0.21, ఎగ్జాస్ట్ 0.22 నుంచి 0.31 మిల్లీమీటర్లు. వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కష్టమవుతూ ఐడిల్ 1,300 దగ్గర నిలబడకపోతే తెరిచి చూడాలి, లేకపోతే 19,000కే తొందర లేదు.

చివరగా ఎండకు చచ్చే ఇంకో భాగం రెగ్యులేటర్, అంటే బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసేది. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి 4,000 తిప్పితే 14 నుంచి 15 వోల్టుల మధ్య ఉండాలి. బాగా వేడెక్కాక కూడా చూడు. చల్లగా ఉన్నప్పుడు 14.4 చూపించి వేడి మీద 13కి పడితే దాని కనెక్టర్ విప్పు. ప్లాస్టిక్ గోధుమరంగులోకి మాడి ఉంటే పిన్నులు వదులైనట్టు. వోల్టేజి పడితే ఫ్యాన్ నిదానిస్తుంది, పెట్రోలు పంపు ఒత్తిడి తగ్గుతుంది, బండి మొద్దుగానే అనిపిస్తుంది.

పని వరుస నా లెక్కన ఇది. మొదటి ఆదివారం చక్రాలు తిప్పి చూడటం, చైన్, టైర్ల గాలి, వోల్టేజి. ఖర్చు దాదాపు లేదు. తర్వాత వారం రేడియేటర్ బయట కడగడం, లోపల ఫ్లష్, కొత్త మూత, ఎయిర్ ఫిల్టరు. అప్పుడు అదే మధ్యాహ్నం అదే రోడ్డు మీద 80లో వచ్చి ఫ్యాన్ పరీక్ష మళ్ళీ చెయ్యి. ఆపేటప్పటికి ఫ్యాన్ తిరగకపోతే పని అయింది. ఇంకా తిరుగుతుంటే థర్మోస్టాట్ విప్పి, థర్మామీటర్ పెట్టిన నీళ్ళ గిన్నెలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టు. 80 దాటాక తెరవడం మొదలై 95కి పూర్తిగా తెరుచుకోవాలి. సగంలో ఆగితే దాన్ని మార్చు. సరిగ్గా తెరిస్తే మిగిలింది టెంపరేచర్ సెన్సర్, రేడియేటర్ లోపలి ట్యూబులు. ఫ్లష్‌లో తెల్లటి రవ్వలు ఎన్ని దిగాయో, వోల్టేజి వేడి మీద ఎంతుందో ఇక్కడ రాయి, ఏది ముందు విప్పాలో అప్పుడు చెప్తా.